ఆరు గొంతుల పెట్టె

"ఆ తుండుగుడ్డ తీసి సూడరా. ఎంతసేపని దాన్ని అట్ల పసిబిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకోని కూర్చుంటావు?"

మా ఆయన మునిరత్నం వాకిట్లో చెప్పులు విడుస్తూనే అన్న మాట ఇది. బెల్లం మండీ నుంచి ఆయన వేళ కాని వేళలో ఇంటికొచ్చాడంటేనే నాకు భయం. ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాను. ఈసారి అయింది మా ఇంట్లోనే.

మా కొడుకు భాను తలెత్తలేదు. నిన్న పూతలపట్టు నుంచి ఎలా చుట్టి తెచ్చాడో వాడు చేసిన పాటల పెట్టె అలాగే ఉంది. గుడ్డలోంచి కాలిన వాసన ఇంకా వస్తూనే ఉంది. రాత్రి అన్నం ముట్టలేదు, పొద్దున ఇడ్లీ ముట్టలేదు. నేను గిన్నె మీద మూత తీసి చూడడం, మళ్ళీ మూయడం, ఇదే పనిగా ఉన్నాను.

"ఏమప్పా, నిన్నే అడగతా ఉండేది."

"ఇనపడింది నాయనా."

"ఇనపడితే లెయ్. సొక్కా మార్చుకో. మండీలో రెండో కాటా కాడ నీకు కుర్చీ ఏపించినా. పండగ పొయ్యినాక సరుకు ఊరికే దిగతా ఉండాది."

వాళ్ళిద్దరి ఒప్పందం అదే. విజయదశమి నాడు పూతలపట్టులో ఢిల్లీబాబు కొత్త కల్యాణమండపం ప్రారంభానికి ఆ పెట్టె పలికితే భాను దారి భానుది. మండీ మాట ఇంక ఎవరూ ఎత్తకూడదు. పలక్కపోతే మర్నాడే వచ్చి తండ్రి పక్కన కూర్చోవాలి. ఒప్పుకునేటప్పుడు నా కొడుకు నవ్వాడు. అంత నమ్మకం వాడికి. నాకు ఆ నవ్వు చూసే భయమేసింది.

నిన్న పెట్టె పలికింది. కాసేపే. నాదస్వరం మంచి పట్టులో ఉండగా లోపల పటపటమందట. పొగ వచ్చిందట. హోమం పొగ కదా అని ముందు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మంట కనిపించింది.

"తుక్కు తెచ్చి తుక్కుకు అతికిస్తే ఏమవతాది? నేను సెప్పలేదా?" అన్నాడు ఆయన, కుర్చీ లాక్కుంటూ.

"సెప్పినావు. దినామూ సెప్పినావు."

"మంచినీళ్ళు తాగండి," అని నేను మధ్యలోకి వెళ్ళాను. నా పని ఎప్పుడూ అదే. ఇద్దరి మధ్య ఒక చెంబు నీళ్ళు.

ఉగాది నుంచి వాడు ఆ పెట్టె మీదే ఉన్నాడు. కొత్త సామాను కొనే స్తోమత లేదు, నాయన్ని అడిగే మొహమూ లేదు. ఎవరో పారేసిన డీవీడీ ప్లేయరు డొక్కే పెట్టె అయింది. పాత స్టెబిలైజరులోంచి ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. చెడిపోయిన కంప్యూటరులోంచి వేడి లాగే అల్యూమినియం దిమ్మె వచ్చింది. చిన్న బోర్డులు మాత్రం చెన్నై పోయి, పాత సామాన్ల వీధిలో ఏరుకుని తెచ్చుకున్నాడు. దానికి బయట తగిలించేవి ముందర రెండు స్పీకర్లు, నడుమ ఒకటి, వెనక రెండు, దబదబమనే బేసు ఒకటి. దేని పాట దానికి విడిగా పోవాలట. ఛానెళ్ళు అంటాడు వాడు. నాకవి గొంతులు. ఆరు గొంతులూ ఆ చిన్న డొక్కులో ఇరికించాడు. ఫ్యానుకు చోటు లేక మూతకు ఎడమ పక్కంతా జల్లెడలా బెజ్జాలు పొడిచాడు.

వాడు స్విచ్ వేసినప్పుడల్లా నేను చపాతీ కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. మనిషిని కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకూడదని, కట్టెతో కొట్టి విడిపించాలని ఎవరో చెప్పారు. "మా, నేను సస్తే నీ దెబ్బకే సస్తా, కరెంటుకు కాదు," అని నవ్వేవాడు. ఆ నవ్వూ భయమే నాకు.

వీధిలో మోటారు సైకిలు ఆగింది. ఢిల్లీబాబు.

"మునిరత్నమన్నా, ఇంట్లోనే ఉండావా? వదినా, కాపీ గీపీ పెట్టబాకు. నిలబడి పోతా."

నిలబడి పోతానన్నవాడు అరుగు మీద కూర్చున్నాడు. భానువైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"సిన్నోడా, నిన్ను తిట్టేదానికి రాలేదప్పా. తిట్టేదంతా నిన్ననే అయిపాయ."

"తిట్టన్నా. పడతా."

"సాంబారు వడ్డించేవాడు బకెట్టు ఆడనే కుమ్మరించి పరిగెత్తినాడు. మా మామ కాలు జారి దాంట్లో కూర్చున్నాడు. కొత్త పట్టుపంచ."

నాకు నవ్వు పుట్టబోయి, భాను మొహం చూసి గొంతులోనే ఆగిపోయింది.

"దెబ్బ తగిలిందా అన్నా?" అన్నాడు వాడు.

"మర్యాదకు తగిలింది. ఒంటికి తగిల్లా." ఢిల్లీబాబు లేచి పంచె దులుపుకున్నాడు. "తిరపతి నుంచి కంపెనీ సెట్టు తెప్పిస్తా ఉండా. ఆ మాట నా నోటితో నేనే సెప్పాలని వచ్చినా. అబద్ధమెందుకు, పలికినంతసేపు బెమ్మాండంగా పలికింది నీది. నాదస్వరమాయన ఎనక్కి తిరిగి సూసినాడు, ఎనక ఇంగొకడు వాయిస్తా ఉండాడేమో అని."

"అన్నా, ఎందుకు కాలిందో కనుక్కుంటా. కనుక్కోని ఇంగొకటి—"

"ఎందుకు కాలిందో నాకెందుకప్పా? పెండ్లికొచ్చేవాళ్ళు అది అడగరు. ఈడ మంట లేసింది గదా, అదే సెప్పుకుంటారు."

కోపంతో అని ఉంటే బాగుండేది. చాలా మెత్తగా అన్నాడు. వెళ్ళేటప్పుడు వాడి భుజం కూడా తట్టాడు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది.

"ఇంగ తెలిసిందా?" అన్నాడు మా ఆయన.

భాను తుండుగుడ్డ విప్పాడు.

స్క్రూడ్రైవరు తెచ్చుకుని మూత మరలు ఒక్కొక్కటే తీశాడు. లోపల అంతా మసి. వాడు రాత్రుళ్ళు కళ్ళు పొడుచుకుని అతికించిన బోర్డులు ఎండిన వంకాయ తోళ్ళలా ముడుచుకుపోయాయి. నాకు అందులో ఏది ఏదో తెలియదు. కానీ వాడి వేళ్ళు వాటి మీద నడిచే తీరు చూస్తే, ఒంటి మీద కాలిన చోటు తడుముకుంటున్నట్టుంది.

వేళ్ళు ఒకచోట ఆగాయి. పెట్టెలోకి కరెంటు వైరు వచ్చే చోట.

"నాయనా."

"ఏం?"

"ఆయుధపూజ నాడు సాయంత్రం నువ్వు దీన్ని ఏం సేసినావు?"

నా చేతిలో గిన్నె మూత కింద పడింది. ఇద్దరూ నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం పూజపీట మీద మండీ కాటా పక్కన వాడి పెట్టెను పెట్టింది నేనే. కాటాకు గంధం పెట్టి, పెట్టెకూ పెట్టాను. బొరుగులు, గుమ్మడికాయ అన్నీ సర్దాను. ఈయన వచ్చి చూసి, "నా కాటా పక్కన ఈ తుక్కు డబ్బానా?" అని వైరు పట్టుకుని పెట్టెను మూలకు ఈడ్చేశాడు. అది గోడకు తగిలి ఠంగుమంది. భాను గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. పండగ పూట అని నోరు మెదపలేదు. పెట్టెను ఎత్తి బల్ల మీద పెట్టుకుని, కేబులు కొనుక్కొస్తానని బజారుకు పోయాడు.

"ఏం సేసినా? పక్కకు జరిపినా," అన్నాడు ఆయన.

"వైరు పట్టి లాగినావు. సూడు. ఈడ సగం ఊడింది. ఊడి పక్కదానికి తగిలింది. కాలింది దీనికే."

"అంత సులకనగా ఊడిపొయ్యేది నువ్వెట్ల అతికించినావు మరి?"

"వైరుతో ఈడ్సేదానికి నేను దాన్ని ఎద్దు అనుకోలా."

"నోరు జాస్తి అవతా ఉండాది రేయ్."

"నేను ఓడిపోతేనే గదా నేను మండీకొచ్చేది. నేనొస్తేనే గదా నీకు రెండో కాటాకు జీతం లేని మనిషి."

ఆయన కుర్చీలోంచి లేవలేదు. లేచి ఒక దెబ్బ వేసి ఉంటే నాకు అలవాటైన భయమే. అలా కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మండీలో తూకం తేడా వచ్చిందని ఇంతవరకు ఏ రైతూ నన్ను అనలేదు," అన్నాడు చివరికి. "నువ్వు అంటా ఉండావు."

"తూకం మాట కాదు నాయనా. వైరు మాట అడగతా ఉండా."

ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

నేను చెప్పకపోతే ఆ గది అలాగే ఉండిపోతుందని తెలుస్తోంది. చెప్తే ఏమవుతుందో కూడా తెలుస్తోంది. నా కొడుకు ఇంక నా చేతి మెతుకు ముట్టడు. ఎప్పుడూ చెడ్డదే ముందు తోచే మనిషిని నేను. అయినా నోరు తెరిచాను.

"మీ నాయన కాదురా. నేను."

"ఏంది మా?"

"నువ్వు బజారుకు పొయినావు. మీ నాయన మండీ పూజకు పొయినాడు. వీధిలో ఆడోళ్ళందరూ వచ్చి సూసి పొయ్యిండిరి గదా ఆ పెట్టెను. 'అబ్బ, ఎంత సిన్న పెట్టె, ఎంత సద్దు' అని నోళ్ళు తెరిసినారు. నాకు బయమేసింది. పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు దిష్టి తీసినా. మీ నాయన బండి సద్దు ఇనపడింది. సూస్తే తిడతాడని బిన్నా దించబొయినా. ఆ తొందరలో పళ్ళెం ఒరిగింది. మూత మీద పడినాయి నీళ్ళు. బెజ్జాల్లోంచి లోపలికి పొయినాయి రా."

చెప్పేశాను. నా చెవులకే నా గొంతు ఎవరిదోలా ఉంది.

"మూత కొంగుతో తుడిసినా. పైన ఆరిపొయ్యింది. దేవుడి కాడి నీళ్ళు గదా, ఏం సేస్తాయిలే అనుకున్నా. నువ్వొచ్చినాక సెప్దామనుకున్నా. నీ మొగంలో సంతోసం సూసి నోరు రాలా. తెల్లారకుండానే నువ్వు తీసకపోతివి."

భాను నన్నే చూస్తున్నాడు. వాడు అరుస్తాడని, పెట్టె నేలకేసి కొడతాడని, కాళ్ళు చేతులు గట్టిగా బిగించుకుని నిలబడ్డాను.

వాడు నవ్వాడు.

"మొదులుపెట్టినావా మా?"

"ఏం మొదులుపెట్నా?"

"సిన్నప్పుడు నా టేపురికార్డరు నాయన పాత ఇనుమోడికి ఏస్తే, దొంగలు ఎత్తకపొయినారని సెప్పినావు. దాన్ని నేను ఆ ఇనుమోడి బండి మీదనే సూసినా. నాయన కొట్టి నా కన్ను వాస్తే, తలుపు తగిలిందని మా సారుకు సెప్పొచ్చింది ఎవరు? ఇప్పుడు ఎర్రనీళ్ళా?"

"ఒట్టు రా. నీ మీద ఒట్టు."

"అప్పుడూ నా మీదనే ఏసినావు ఒట్టు."

"రేయ్, ఆ పొద్దు నేను కట్టిన సీర సూడు. దండెం మీదే ఉండాది. ఆ కొంగుతోనే—"

అంటూనే నేను ఆగిపోయాను. అది ముదురు ఎరుపు చీర. ఉతికి ఆరేసింది. దాని మీద ఏ మరకా కనిపించదు. పెట్టె లోపల అంతా మసి. నా మాటకు సాక్ష్యం చెప్పేది ఆ ఇంట్లో ఏదీ లేదు.

"నువ్వు సెప్పేది నిజమే అయితే నాయన ఎందుకు మాట్లాడడు? నేను సెయ్యలేదు అని ఒక్క మాట అనమను," అన్నాడు వాడు.

నేను మా ఆయన వైపు తిరిగాను. కళ్ళతోనే బతిమాలాను. అనండి. ఒక్క మాట. సెయ్యలేదని.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. అంతసేపు నా మొహంలోకి ఆయన చూసి ఎంత కాలమైందో.

"ఆమెను ఎందుకు పీక్కుతింటావు?" అన్నాడు. "నేనే సేసినా."

"ఏమండీ!"

"నువ్వు ఉండు లోకేశ్వరీ. నేనే లాగినా. కావాలనే లాగినా. సాలా? ఒప్పందం గిప్పందం ఏమీ లేదు. నువ్వు మండీకి రావాల్సిన పని లేదు. పో."

భాను తలూపాడు. ఎప్పటినుంచో తెలిసిన సంగతి కాగితం మీద రాసిచ్చినట్టు తీసుకున్నాడు. కన్నీళ్ళు పెట్టుకోలేదు, గొంతు పెంచలేదు. లోపలికి పోయి సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకున్నాడు. మూత బిగించి, పెట్టెను మళ్ళీ తుండుగుడ్డలో చుట్టాడు.

"యాడికి రా?"

"సత్యవేడు. నాతో సదివినోడు ఆ పక్క కంపెనీలో ఉండాడు. ఏదో ఒక పని ఇప్పిస్తాడు."

"మరి ఈ పని?"

"ఇంగ ఈ పని లేదు మా."

"ఒక ముద్ద తినేసి పో సామీ. నిన్నటినుంచి—"

గుమ్మం దాటబోతూ ఆగాడు. నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు. "ఇంగ మీదట ఆయన కోసరం అబద్దాలు సెప్పబాకు. నీకు సరిగ్గా రాదు."

ఎర్రనీళ్ళ సంగతి, జీవితంలో వాడితో నేను చెప్పిన కొద్ది నిజాల్లో ఒకటి. దానికి నాకు దొరికింది ఆ మాట.

వాడు వీధి చివర, సత్యవేడు దారిన పోయే పుత్తూరు బస్సు ఎక్కేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. బస్సులో ఏమవుతుందో, సత్యవేడులో ఎవరి పంచన పడుకుంటాడో, ఆ కంపెనీలో ఏ మిషను వాడి చేతిని పట్టుకుంటుందో, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఇంట్లోకి వచ్చేసరికి మా ఆయన అదే కుర్చీలో ఉన్నాడు.

"ఎందుకు సెప్పినారు ఆ మాట?"

"ఏ మాట?"

"మీరు సెయ్యలేదు. నేను సేసినా. నాకు తెలుసు, మీకు తెలుసు."

"నాకేం తెలుసు?" అన్నాడు. "నేను లాగినా. నువ్వు పోసినావు. ఏది కాల్సిందో ఆ పెట్టెకే తెలుసు."

"మరి కావాలని లాగినానని ఎందుకు సెప్పినారు? బిడ్డ ఎల్లిపొయ్యె గదా!"

"నన్ను దొంగ అనుకునేవాడిని పక్కన కూర్చోబెట్టుకోని నేను కాటా ఎట్ల పట్టేది?" ఆయన గొంతు ఒక్కసారి లేచి, వెంటనే పడిపోయింది. "నువ్వు నిజం సెప్తే నిన్ను నమ్మలా. నేను అబద్దం సెప్పంగానే ఎంత బిన్నా నమ్మినాడో సూసినావా? అడిగినాడా ఒక్కసారన్నా, 'నిజమేనా నాయనా' అని?"

గిన్నెలో ఇడ్లీలు అంచుల దగ్గర ఎండిపోతున్నాయి. తీసి పారేయడానికి చేతులు రాలేదు.

"అన్నం పెట్టనా?" అని అడిగాను.

"పెట్టు."

పెడితే తినలేదు. కలుపుతూ అలాగే కూర్చున్నాడు.

ఫోను మోగింది. భాను పేరు. బస్సుకు ఏదో అయిందనే అనుకున్నాను. ఎత్తి చెవికి పెట్టుకున్నాను.

"రేయ్ భానూ, బాగుండావా? ఏమయింది?"

"ఏమీ కాలేదు మా. బస్సులోనే ఉండా." వెనక హారను మోత, కండక్టరు కేక. "ఒక్క మాట అడగతా, సెప్పు. ఊరికే సెప్పబాకు, గ్యాపకం సేసుకోని సెప్పు."

"అడుగు."

"పెట్టె మళ్ళీ తెరిసి సూసినా. కరెంటు వైరు వచ్చేది కుడి పక్క. ఆడ నల్లబడింది అంతే. బాగా కాలింది ఎడమ పక్క, బెజ్జాల కింద. వైరు తగిలి కాలితే ముందు కుడి పక్కనే కాలాల." వాడి గొంతు సన్నబడింది. "నువ్వు నీళ్ళు పడినాయంటివే... ఏ పక్క పడినాయి మా?"

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఫోనులోంచి వాడి మాట ఆయనకూ వినిపిస్తోంది.

నేను నోరు తెరిచాను. ఎడమ పక్కే అని చెప్పాలి. చెప్తే వాడి పనితనం గెలుస్తుంది. చెప్తే నాయన చెయ్యని పని ఒప్పుకున్నాడని తెలుస్తుంది. ఆ తర్వాత వాడు ఎవరి మొహం చూసి ఈ గుమ్మం ఎక్కుతాడు, ఆయనదా, నాదా?

మా ఆయన లేచాడు. అన్నం చెయ్యి కడుక్కోనైనా లేదు. ఎడమ చేతితో నా చేతిలోంచి ఫోను తీసుకుని తన చెవికి పెట్టుకున్నాడు.

కొడుకు అడగడం వింటూ నిలబడ్డాడు.

"మా? ఉండావా? సెప్పు మా," అంటున్నాడు అవతల నా కొడుకు.